డీబీఏ సర్టిఫికెట్టు: అరవై ఏళ్ల లెక్క

1970లో రెండు పరిశోధన పత్రాలు వచ్చాయి. జూన్‌లో అచ్చయిన మొదటిదాన్ని ఐబీఎం శాన్‌హోజే ప్రయోగశాలలో పనిచేసే ఎడ్గార్ కాడ్ రాశాడు. కుప్పలుగా పడి ఉండే సమాచారాన్ని పట్టికలుగా ఎలా అమర్చుకోవాలో, ఆ పట్టికలను కలిపి ప్రశ్నలు ఎలా అడగాలో గణితం ఆధారంగా వివరించాడు. బ్యాంకు ఖాతా నుంచి రైలు టికెట్టు దాకా ఇవాళ మన బతుకును మోస్తున్న రిలేషనల్ డేటాబేస్‌కు మూలం అదే. ఆగస్టులో వచ్చిన రెండో పత్రం జార్జ్ అకెర్లాఫ్ అనే యువ ఆర్థికవేత్తది. మూడు పత్రికలు తిప్పి పంపాక నాలుగోది వేసుకుంది. సరుకు గుణం అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియని బజారులో మంచి సరుకుకూ నాసి సరుకుకూ ఒకటే ధర పలుకుతుందని, ఆ ధర గిట్టక మంచి సరుకే బజారు వదిలిపోతుందని పాత కార్ల ఉదాహరణతో చూపించాడు. అంతకు ముందు 1967-68లో ఆయన ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాడు. మన వడ్డీ వ్యాపారులు కూడా ఆ పత్రంలో కనిపిస్తారు. ఈ రోగానికి లోకం కనిపెట్టుకున్న మందుల్లో గ్యారంటీ, బ్రాండు పేరు, వృత్తి లైసెన్సు ఉన్నాయని చివర్లో రాశాడు.

ఈ రెండు పత్రాలకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. కానీ డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్, అంటే అందరూ డీబీఏ అని పిలిచే మనిషి, సరిగ్గా ఆ రెండూ కలిసేచోట నిలబడి ఉన్నాడు. ప్రోగ్రామరు చేసిన పని తెర మీద కనబడుతుంది. డీబీఏ చేసిన పని కనబడదు. ఆయన సమర్థుడైతే ఏమీ జరగదు. అసమర్థుడైనా మూడేళ్లపాటు ఏమీ జరగకపోవచ్చు. డిస్కు పాడైన రాత్రో, ఎవరో పొరపాటున ప్రొడక్షన్‌లో టేబుల్ డ్రాప్ చేసిన మధ్యాహ్నమో ఇద్దరి మధ్య తేడా బయటపడుతుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది. అందుకే ఉద్యోగంలోకి తీసుకోకముందే ఈ మనిషికి పని వచ్చో రాదో చెప్పే సాక్ష్యం ఒకటి కావాలి. సర్టిఫికెట్టు ఆ సాక్ష్యం అవుతుందా కాదా అన్న వాదం డీబీఏల మధ్య పాతికేళ్లకు పైగా నలుగుతోంది. అవుతుందన్నదే నా మాట. అయితే దాని విలువ ఎక్కడినుంచి వచ్చింది, ఎప్పుడు పెరిగింది, ఎవరివల్ల తరిగింది అన్నది తేలాలంటే మొదటినుంచీ చూసుకుంటూ రావాలి.

మొదటి ప్రయత్నం కాడ్ పత్రానికి ఎనిమిదేళ్ల ముందే జరిగింది. అమెరికాలో పంచ్‌కార్డు యంత్రాల మీద లెక్కలు చూసేవాళ్లకు ఒక సంఘం ఉండేది. 1962లో అది డేటా ప్రాసెసింగ్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్ అని పేరు మార్చుకుంది. అదే ఏడాది సీడీపీ, అంటే ‘సర్టిఫికెట్ ఇన్ డేటా ప్రాసెసింగ్’ అనే పరీక్ష పెట్టింది. ఆడిటర్లకు సమాజంలో ఉన్న గౌరవం తమకూ దక్కాలని ఆ సంఘం ఆశ. ఆ పరీక్ష గురించి ఇవాళ తలుచుకోవాల్సిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే, దాన్ని పెట్టింది యంత్రాలు అమ్మే కంపెనీ కాదు, వాటి మీద పనిచేసే మనుషులు. కానీ యజమానులు దాన్ని తప్పనిసరి చేయలేదు. అప్పుడప్పుడే పుడుతున్న విశ్వవిద్యాలయ కంప్యూటర్ సైన్స్ శాఖలు దాన్ని తమదనుకోలేదు. డిగ్రీ ఉన్నవాళ్లనే పరీక్షకు కూర్చోనివ్వాలా అన్నది సంఘంలోనే పెద్ద వివాదమైంది. 1973లో పలు సంఘాలు కలిసి ఐసీసీపీ అనే ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి, పరీక్ష దాని చేతికి వెళ్లింది. పరీక్ష బతికింది, దాని మాట మాత్రం బజారులో చెల్లలేదు. మన దేశంలో చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం 1949లో వచ్చింది. కంపెనీ ఆడిట్ నివేదిక మీద సంతకం పెట్టాలంటే ఆ సభ్యత్వం ఉండి తీరాలి. డేటాబేస్ పనికి అలాంటి చట్టం ఈనాటికీ లేదు. వృత్తిలో ఉన్నవాళ్లు తమ పరీక్షను తామే నిలబెట్టుకోలేకపోయిన ఆ తొలి ఓటమే తర్వాతి కథనంతా నడిపించిందని నేను నమ్ముతాను.

డీబీఏ అనే ఉద్యోగం ఆ కాలంలోనే రూపు దిద్దుకుంది. 1960ల ఆరంభంలో జనరల్ ఎలక్ట్రిక్‌లో చార్లెస్ బాక్‌మన్ ఐడీఎస్ అనే డేటా వ్యవస్థను కట్టాడు. అపోలో చంద్రయాత్రకు కావలసిన విడిభాగాల చిట్టా నిర్వహించడానికి ఐబీఎం ఐఎంఎస్‌ను తయారుచేసింది. 1971 నాటి కోడాసిల్ అనే కమిటీ నివేదిక డేటా అడ్మినిస్ట్రేటర్ బాధ్యతను ప్రోగ్రామరు పని నుంచి విడదీసి చెప్పింది. డేటా ఎలా అమరి ఉండాలో ఒకరు నిర్ణయిస్తారు, మిగతావాళ్లు దాన్ని వాడుకుంటారు. ఆ ఒక్కరి చేతిలో సంస్థ జ్ఞాపకమంతా పెట్టినట్టే.

కాడ్ ఆలోచన ఆ తర్వాత వేగంగా పాకింది. శాన్‌హోజేలో సిస్టమ్ ఆర్, బర్క్‌లీలో ఇంగ్రెస్ ప్రాజెక్టులు నడిచాయి. 1977లో లారీ ఎలిసన్, బాబ్ మైనర్, ఎడ్ ఓట్స్ కలిసి పెట్టిన చిన్న కంపెనీ 1979లో ఒరాకిల్‌ను బజారులోకి తెచ్చింది. 1983లో ఐబీఎం డీబీ2 వచ్చింది. 1986లో డేటాబేస్‌ను ప్రశ్నలు అడిగే భాష ఎస్‌క్యూఎల్‌కు అమెరికా ప్రమాణాల సంస్థ ముద్ర పడింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ ప్రమాణం డేటాను ఎలా అడగాలో చెప్పింది, ఎలా కాపాడాలో చెప్పలేదు. బ్యాకప్ గురించి అందులో ఏమీ లేదు. ఇండెక్స్ ఎలా కట్టాలన్నది కూడా దాని పరిధిలోకి రాదు. ఒరాకిల్‌లో రీడో లాగ్, ఆర్కైవ్ లాగ్, కంట్రోల్ ఫైల్ అంటూ ఒక ప్రపంచం ఉంటే, డీబీ2లో, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో వేరే ప్రపంచాలు ఉన్నాయి. అడిగే భాష అందరికీ ఒకటైంది, కాపాడే విద్య ఏ కంపెనీది ఆ కంపెనీకే మిగిలింది. డీబీఏ సర్టిఫికెట్లు కంపెనీల పేర్లతోనే ఎందుకు పుట్టాయో దీన్నిబట్టే అర్థమవుతుంది. ఆ లోపలి యంత్రాంగం తెలిసింది వాళ్లకే, పరీక్ష పెట్టగలిగిందీ వాళ్లే.

దారి చూపింది నెట్‌వర్కింగ్ వాళ్లు. 1980ల చివర్లో నోవెల్ తన సీఎన్ఈ పరీక్షలతో సర్టిఫికెట్టును వ్యాపారం చేసింది. 1992లో మైక్రోసాఫ్ట్ తన కార్యక్రమం మొదలుపెట్టింది. 1993లో సిస్కో సీసీఐఈ తెచ్చింది. సీసీఐఈలో రాత పరీక్ష దాటాక ల్యాబ్‌లో కూర్చుని నెట్‌వర్క్ కట్టి చూపించాలి. చాలామంది మొదటిసారి తప్పేవాళ్లు. ఆ కష్టమే దానికి పేరు తెచ్చింది. కంపెనీలకు వీటిలో లాభం చాలానే ఉంది. తమ సరుకు తెలిసిన మనుషులు ఎక్కువైతే సరుకు అమ్ముడుపోతుంది, సపోర్టుకు ఫోన్లు తగ్గుతాయి, శిక్షణ తరగతులు నిండుతాయి. లాభం ఉండటం తప్పు కాదు. కానీ పరీక్ష కఠినంగా ఉండాలా, తేలిగ్గా ఉండాలా అన్న ప్రశ్న వచ్చిన ప్రతిసారీ జవాబు చెప్పేది అమ్మకాల లెక్కే అవుతుంది. ఈ చిక్కు మొదటి రోజునుంచే లోపల ఉంది.

1990ల ద్వితీయార్ధంలో ఒరాకిల్ ఓసీపీ వచ్చింది. 8ఐ వర్షన్ నాటికి డీబీఏ కావాలంటే అయిదు పేపర్లు రాయాలి. మొదటిది ఎస్‌క్యూఎల్, పీఎల్ఎస్‌క్యూఎల్. రెండోది ఆర్కిటెక్చర్, అడ్మినిస్ట్రేషన్. తర్వాత బ్యాకప్ అండ్ రికవరీ, పెర్ఫార్మెన్స్ ట్యూనింగ్, నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేషన్. ఆ అయిదింటినీ వరుసగా చూస్తే ఒక వృత్తికి ఎల్లలు గీసినట్టు ఉంటుంది. అంతకు ముందు డీబీఏలు పక్కవాడిని చూసి నేర్చుకునేవాళ్లు. పక్కవాడికి తెలిసినంతే తెలిసేది. ఒక బ్యాంకులో అయిదేళ్లు చేసినవాడికి ఆ బ్యాంకులో వచ్చిన సమస్యలే తెలుసు, రానివి తెలియవు. సిలబస్ అనేది వచ్చాక, ‘నీకు ఇవన్నీ తెలిసి ఉండాలి’ అని ఒక జాబితా చేతికొచ్చింది. సర్టిఫికెట్టు గొప్ప మేలు అక్కడే చేసింది. కాగితాన్ని రెజ్యూమేలో రాసుకోవడం ఆ తర్వాతి సంగతి.

బ్యాకప్ అండ్ రికవరీ పేపరు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ట్యూనింగ్ రోజూ చేస్తూ నేర్చుకోవచ్చు. క్వెరీ నెమ్మదిగా ఉందని ఫిర్యాదు రోజూ వస్తుంది. యూజర్లను సృష్టించడం, టేబుల్‌స్పేస్ పెంచడం కూడా అంతే. కానీ కంట్రోల్ ఫైళ్లన్నీ పోతే ఏం చేయాలి, సిస్టమ్ డేటాఫైల్ పాడైతే డేటాబేస్‌ను ఏ స్థితిలో తెరవాలి, నిన్న మధ్యాహ్నం రెండింటి సమయానికి డేటాను వెనక్కి ఎలా తీసుకెళ్లాలి అన్నవి ఉద్యోగంలో పదేళ్లకొకసారి ఎదురవుతాయి. ఎదురైనప్పుడు పుస్తకం తీసి నేర్చుకునే వ్యవధి ఉండదు. ఉద్యోగం నేర్పని పాఠాన్ని ముందుగానే చదివించింది ఆ పేపరే. ‘అనుభవం ఉంటే చాలు, సర్టిఫికెట్టు దండగ’ అనేవాళ్లతో నేను ఏకీభవించకపోవడానికి మొదటి కారణం ఇదే.

ఈ పరీక్షలు వచ్చిన కాలమూ మన తెలుగునాట సాఫ్ట్‌వేర్ గాలి వీచిన కాలమూ ఒకటే. వై2కె పనులతో మొదలైన డిమాండు, 1998 నవంబరులో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభం, అదే సమయంలో అమెరికా హెచ్-1బీ వార్షిక పరిమితి 65,000 నుంచి 1,15,000కు, 2001 నుంచి 2003 దాకా 1,95,000కు పెరగడం, ఇవన్నీ కలిసి అమీర్‌పేటను ఒక విద్యాకేంద్రం చేశాయి. మైత్రీవనం చుట్టుపక్కల, ఆదిత్య ఎన్‌క్లేవ్ మెట్ల మీద ఒరాకిల్ డీబీఏ బోర్డులు, డెమో క్లాసుకు నిలబడ్డ కుర్రవాళ్లు, జెరాక్స్ షాపుల్లో కట్టలు కట్టిన మెటీరియల్. తర్వాతి ఏళ్లలో ‘కోర్ డీబీఏ’, ‘యాప్స్ డీబీఏ’ అని రెండు దారులు చీలాయి. ఆర్ఏసీ, డేటా గార్డ్ అదనపు కోర్సులయ్యాయి. ఈ సందులను చిన్నచూపు చూసేవాళ్లు ఉన్నారు. వాళ్లతో నేను కలవను. శ్రీకాకుళం నుంచో అనంతపురం నుంచో బీఎస్సీ చేసి వచ్చిన పిల్లకు కాలేజీ పేరు చెప్పుకోవడానికి లేదు, ఇంట్లో సాఫ్ట్‌వేర్ వాళ్లు లేరు, ఇంగ్లిష్ ధారాళం కాదు. ఆమెకు పని వచ్చని ఇంటర్వ్యూ చేసేవాడికి ఎలా తెలుస్తుంది? ఓసీపీ పరీక్ష ఆమె కాలేజీ అడగలేదు, కులం అడగలేదు, యాస అడగలేదు. నిజంగా చదివి రాసినవాళ్లకు ఆ కాగితం తలుపు తీసింది. బంధువులు అమెరికాలో లేని ఎన్నో ఇళ్లనుంచి మొదటి తరం ఉద్యోగులు అలా బయటికి వెళ్లారు.

ఆ తలుపులోంచే డంపులు కూడా వచ్చాయి. పరీక్ష ప్రశ్నలను గుర్తుపెట్టుకుని బయటికొచ్చి రాసినవి, దొంగిలించినవి, జవాబులతో సహా కట్టగట్టి అమ్మడం ప్రపంచమంతా ఒక పరిశ్రమగా పెరిగింది. 2002లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన ఒక వ్యక్తి మైక్రోసాఫ్ట్ పరీక్షల ప్రశ్నలు అమ్మినందుకు వ్యాపార రహస్యాల దొంగతనం కింద కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. అంటే ఈ వ్యాధి ఒక్క మన దగ్గర పుట్టింది కాదు. కానీ మన దగ్గర బాగా ముదిరింది. రెండు వారాలు డంపులు బట్టీపట్టి తొంభై శాతం తెచ్చుకున్నవాళ్లు, ‘డేటాబేస్‌ను మౌంట్ స్థితిలో ఎందుకు ఆపుతాం’ అని అడిగితే తెల్లమొహం వేసేవాళ్లు. ‘పేపర్ ఎంసీఎస్ఈ’, ‘పేపర్ ఓసీపీ’ అనే మాటలు అమెరికా ఆఫీసుల్లో తిట్లుగా స్థిరపడ్డాయి.

దీన్ని అర్థం చేసుకోవడానికి మరో ఆర్థికవేత్త కావాలి. మైఖేల్ స్పెన్స్ 1973లో ఒక మాట చెప్పాడు. ఏ సంకేతానికైనా విలువ ఎప్పుడు ఉంటుందంటే, దాన్ని సంపాదించడం సమర్థుడికి తక్కువ కష్టంగా, అసమర్థుడికి ఎక్కువ కష్టంగా ఉన్నప్పుడే. ఇద్దరికీ ఒకే కష్టమైతే ఆ సంకేతం ఎవరి గురించీ ఏమీ చెప్పదు. డంపు చేసిన పని సరిగ్గా అదే. పని తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య ఉన్న కష్టం తేడాను చెరిపేసింది. నష్టపోయింది కంపెనీలు కాదు, నిజాయితీగా నాలుగు నెలలు చదివిన ఆ శ్రీకాకుళం పిల్ల. ఆమె కాగితం విలువ కూడా పక్కవాడి కాగితం స్థాయికి పడిపోయింది. అకెర్లాఫ్ చెప్పిన పాత కార్ల బజారు మళ్లీ తయారైంది. డంపులు ఊపందుకుంటున్న రోజుల్లోనే, 2001లో, అకెర్లాఫ్, స్పెన్స్, మరో ఆర్థికవేత్త స్టిగ్లిట్జ్‌లకు నోబెల్ వచ్చింది. సర్టిఫికెట్లు నడిపే వాళ్లు ఆ పత్రాలను శ్రద్ధగా చదివి ఉండాల్సింది.

ఒరాకిల్ ఒక జవాబు ఇచ్చింది. 9ఐ వర్షన్‌తో పరీక్షలను మూడు మెట్లు చేసింది: ఓసీఏ, ఓసీపీ, ఓసీఎం. 2002 నుంచి ఓసీపీ కావాలంటే ఒరాకిల్ గుర్తించిన శిక్షణ ఒకటైనా తీసుకోవాలని షరతు పెట్టింది. ఆ తరగతి ఫీజు పరీక్ష ఫీజుకు ఎన్నో రెట్లు. సొంతంగా ఇంట్లో లినక్స్ మీద డేటాబేస్ ఎక్కించుకుని నేర్చుకున్న పేద విద్యార్థికి ఇది గోడ అయింది. డబ్బున్న డంపువాడికి అడ్డు కాలేదు. ఈ షరతును నేను ఎప్పుడూ సమర్థించలేకపోయాను. తరగతిలో కూర్చోవడం పని రావడానికి రుజువు కాదు.

ఓసీఎం మాత్రం వేరే జాతి. రెండు రోజుల పరీక్ష. ఎదురుగా మెషీన్లు, చేతిలో చేయవలసిన పనుల కాగితం, గోడ మీద గడియారం. డేటాబేస్ కట్టాలి, నెట్‌వర్క్ అమర్చాలి, బ్యాకప్ తీయాలి, పాడుచేసి ఇచ్చిన డేటాబేస్‌ను లేపి నిలబెట్టాలి. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడం అక్కడ లేదు. ఇందులో బట్టీ పనికిరాదు; తెలిసినవాడికి తేలిక, తెలియనివాడికి అసాధ్యం. స్పెన్స్ కోరిన గుణం పూర్తిగా ఉన్న పరీక్ష అది. మైక్రోసాఫ్ట్ కూడా ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు ‘సర్టిఫైడ్ మాస్టర్’ అనే స్థాయి పెట్టింది, దానికీ గంటల తరబడి ల్యాబ్ పరీక్ష ఉండేది. ఆ హోదా ఉన్నవాళ్లంటే తోటి డీబీఏలకు నిజమైన గౌరవం.

ఈ సర్టిఫైడ్ మాస్టర్‌ను మూసేస్తున్నట్టు 2013 ఆగస్టు 30న ప్రకటించారు. శుక్రవారం రాత్రి వచ్చిన ఒక ఈమెయిల్‌లో, అక్టోబరు 1 తర్వాత ఈ పరీక్షలు ఉండవని చెప్పారు. అప్పటికే చదువులో సగం దారిలో ఉన్నవాళ్లు, మొదటి పేపరు దాటి ల్యాబ్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు ఉన్నారు. డీబీఏల ప్రపంచం భగ్గుమంది. అలాంటి పరీక్ష నడపడం ఖర్చుతో కూడిన పని, రాసేవాళ్లు తక్కువ. కంపెనీ లెక్కల్లో అది మోయలేని బరువు. వృత్తి లెక్కలో అయితే అన్నిటికంటే విలువైనది అదే. 1962లో సీడీపీ నిలబడి ఉంటే, పరీక్ష వృత్తి సంఘం చేతిలో ఉండి ఉంటే, ఒక శుక్రవారం రాత్రి ఈమెయిల్‌తో ఇలా ముగిసేది కాదు. అరవై ఏళ్ల ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధపెట్టే ఘట్టం ఇది.

సర్టిఫికెట్టుకు హద్దులు ఉన్నాయి, వాటినీ చెప్పుకోవాలి. 2003 జనవరి 25న ఎస్‌క్యూఎల్ స్లామర్ అనే పురుగు ప్రపంచం మీద పడింది. 376 బైట్ల చిన్న ప్రోగ్రాము, పది నిమిషాల్లోనే దొరికిన ఎస్‌క్యూఎల్ సర్వర్లలో చాలావాటిని చుట్టేసింది. అమెరికాలో ఏటీఎంలు ఆగాయి. దాన్ని అడ్డుకునే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ ఆరు నెలల ముందే, 2002 జూలైలోనే ఇచ్చింది. వేయనివాళ్లు వేయలేదు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఎంసీడీబీఏ సర్టిఫికెట్లు జోరుగా నడుస్తున్న కాలమది. పరీక్ష తెలివిని కొలవగలదు, అలవాటును కొలవలేదు. ప్యాచ్ వేయాలని తెలిసినవాడు వేస్తాడని భరోసా ఏ కాగితమూ ఇవ్వదు.

2017 జనవరి 31న కోడ్ నిల్వ సేవలందించే సంస్థ గిట్‌ల్యాబ్‌లో జరిగింది ఇంకా లోతైన పాఠం. రెండో సర్వర్‌లో ఖాళీ చేయాలనుకున్న డేటా ఫోల్డరును ఒక ఇంజినీరు పొరపాటున అసలు సర్వర్‌లో తుడిచేశాడు. ఒకటి రెండు క్షణాల్లో గుర్తించి ఆపాడు గానీ, 300 జీబీలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది. అప్పుడు బ్యాకప్‌లు వెతికారు. అయిదు రకాల ఏర్పాట్లు ఉన్నాయి, ఒక్కటీ అనుకున్నట్టు అక్కరకు రాలేదు. రోజూ తీయాల్సిన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ బ్యాకప్ వర్షన్ తేడా వల్ల ఎప్పటినుంచో విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే మెయిళ్లు చేరడం లేదు. బ్యాకప్‌లు చేరాల్సిన అమెజాన్ ఎస్3 నిల్వలో చూస్తే ఖాళీ. చివరికి వేరే పనికోసం ఎవరో ఆరు గంటల ముందు తీసి ఉంచిన స్నాప్‌షాట్ కాపాడింది. ఆ ఆరు గంటల్లో చేరిన డేటా పోయింది. సంస్థ ఏదీ దాచలేదు. రికవరీని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది, తర్వాత తప్పులన్నీ వివరంగా రాసింది. ఆ నిజాయితీకి వృత్తిలో ఉన్నవాళ్లందరూ రుణపడి ఉన్నారు. రీస్టోర్ చేసి చూడని బ్యాకప్‌ను బ్యాకప్‌గా లెక్కవేయకూడదన్నది పాత ఓసీపీ రికవరీ పుస్తకాల్లో మొదటి అధ్యాయాల్లోనే నేర్పిన సంగతి. ఆ పుస్తకం చదివినంత మాత్రాన ఆ ప్రమాదం తప్పేదని నేను అనను. కానీ అప్పుడు కావలసిన విద్య ఏదో సిలబస్‌కు ముందే తెలుసు.

తర్వాతి కాలాన్ని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 10జీ, 11జీ, 12సీ అంటూ వర్షన్లు మారినకొద్దీ పాత సర్టిఫికెట్లు పాతబడ్డాయి, కొన్నిటిని కంపెనీయే చెల్లనివిగా ప్రకటించింది. మైక్రోసాఫ్ట్‌లో పేర్లే మారుతూ వచ్చాయి: ఎంసీడీబీఏ, ఎంసీఐటీపీ, ఎంసీఎస్ఈ. 2021 జనవరి చివరితో ఆ పాత వరుసంతా ముగిసి, అజూర్ డీపీ-300 లాంటి ఉద్యోగం ఆధారిత పరీక్షలు మిగిలాయి. వీటిని ఏడాదికోసారి ఇంటర్నెట్‌లో ఉచితంగా పునరుద్ధరించుకోవచ్చు. ఇది మంచి మార్పు. అమెజాన్ 2020లో పెట్టిన డేటాబేస్ స్పెషాలిటీ పరీక్షను 2024 ఏప్రిల్‌లో ఎత్తేసింది. నాలుగేళ్లకే పోయే పరీక్ష మీద ఎవరైనా ఎంత నమ్మకం పెట్టుకుంటారు? మరోపక్క పోస్ట్‌గ్రెస్ లాంటి ఉచిత డేటాబేస్‌లు పెరిగాయి. పోస్ట్‌గ్రెస్ సముదాయం తరఫున అధికారిక సర్టిఫికెట్టు లేదు, సేవలు అమ్మే కంపెనీలు తమ పేరుతో ఇచ్చేవే ఉన్నాయి. డీబీఏ మనిషే అక్కర్లేదన్న మాట కూడా వినబడుతోంది. 2017 అక్టోబరులో ఎలిసన్ తనను తాను నడుపుకునే డేటాబేస్ వచ్చేసిందని ప్రకటించాడు. టేబుల్‌స్పేస్ పెంచడం, ప్యాచ్ వేయడం యంత్రం చేసుకుంటుంది, నిజమే. ఏ డేటాను ఎన్నాళ్లు దాచాలి, ఎవరికి చూపాలి, పోతే ఎంత పోయినా తట్టుకోగలం అన్నవి మనిషే తేల్చాలి. ఆ తీర్పు సామర్థ్యాన్ని కొలిచే పరీక్ష ఇప్పటికీ ఎవరూ పెట్టలేదు.

ఇది ఒక్క సాఫ్ట్‌వేర్ కంపెనీల గొడవ అనుకోకూడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో కార్డ్ పథకంతో ఆస్తుల రిజిస్ట్రేషన్లు కంప్యూటర్‌కు ఎక్కాయి. 2020లో తెలంగాణ భూముల రికార్డులు ధరణిలోకి వెళ్లాయి. రైతు పట్టా, పింఛను, రేషను, ఆసుపత్రి చీటీ అన్నీ ఎక్కడో ఒక డేటాబేస్‌లో వరుసలు. వాటిని కాపాడే మనిషికి ఏ అర్హత ఉండాలో టెండరు కాగితాల్లో తప్ప సమాజం ఎప్పుడూ తేల్చుకోలేదు. కరెంటు పని చేసే కాంట్రాక్టరుకు ప్రభుత్వ లైసెన్సు కావాలి. లక్షల మంది భూమి హక్కును చూసుకునేవారికి ఏదీ అక్కర్లేదు. 1990లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, కంప్యూటర్ సొసైటీ ఆఫ్ ఇండియా కలిసి డోయెక్ పథకం తెచ్చి ఓ, ఏ, బీ, సీ స్థాయిల పరీక్షలు పెట్టాయి, ఇప్పుడది నైలిట్. కంపెనీ పేరు లేని, ఎవరైనా రాయగల, ప్రభుత్వ ముద్ర ఉన్న పరీక్ష నడపడం మన దేశానికి తెలియని పని కాదు. డేటాబేస్ రక్షణకు ప్రత్యేకంగా, ప్రాక్టికల్ రూపంలో, జిల్లా కేంద్రాల్లో రాయగలిగేలా అలాంటి పరీక్ష ఒకటి రావాలి. ఉచిత డేటాబేస్‌ల మీద పెడితే లైసెన్సు ఖర్చు కూడా ఉండదు. ఇది రెండు తెలుగు ప్రభుత్వాలూ ఢిల్లీని అడగవలసిన విషయం.

ఈలోగా ఉద్యోగాలు ఇచ్చేవాళ్లకు ఒక విన్నపం. రెజ్యూమేలో ఓసీపీ ఉందని తీసుకోకండి, లేదని తోసేయకండి. అభ్యర్థి ముందు ఒక మెషీన్ పెట్టి, పాడైన డేటాబేస్ ఒకటి ఇచ్చి, గంటన్నర టైమివ్వండి. చదివి సర్టిఫికెట్టు తెచ్చుకున్నవాళ్లు ఆ గంటన్నరలో తేలిపోతారు, డంపులతో తెచ్చుకున్నవాళ్లూ తేలిపోతారు. పరీక్షకు సిద్ధమవుతున్న పిల్లలకూ అదే చెప్తాను. డంపు ఫైలు తీసేయండి. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద డేటాబేస్ ఎక్కించి, బ్యాకప్ తీసి, డేటాఫైల్ మీ చేత్తో తుడిచేసి, మళ్లీ లేపండి. కంట్రోల్ ఫైల్ తీసేసి లేపండి. లాగ్ మధ్యలో ఆపి నిన్నటి సమయానికి వెళ్లండి. పుస్తకం చూడకుండా ఈ మూడూ చేయగలిగిన రోజున పరీక్షకు డబ్బు కట్టండి.